ఆకాశంలో పెట్టిన రూపాయి నేలకు దిగాలి

స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



అంతరిక్ష పరిశోధన మీద ప్రభుత్వం ఇంకా ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టాలా? ఈ రోజు నేను మాట్లాడవలసిన విషయం ఇది. నారాయణఖేడ్‌లో ఈ మాట ఎత్తితే వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది. మన తండాల నుంచి ఇంకా చెరుకు కోతకు వలస పోతున్నారు, వాన పడకపోతే పెసర, కంది చేతికి రావు, మనకు చంద్రుడితో ఏం పని అని. నవ్వి దాటేయవలసిన ప్రశ్న కాదిది. దీనికి జవాబు చెప్పకుండా రాకెట్ల గొప్పలు చెప్పుకోకూడదు.

ముందు లెక్క చూద్దాం. 2025-26లో కేంద్ర బడ్జెట్ మొత్తం సుమారు 50 లక్షల 65 వేల కోట్ల రూపాయలు. అందులో అంతరిక్ష శాఖకు కేటాయించింది సుమారు 13,416 కోట్లు. అంటే వంద రూపాయల్లో 26 పైసలు. ఈ 26 పైసలు ఆపేస్తే వలస ఆగుతుందని ఎవరైనా అంటే నేను నమ్మను. మిగిలిన 99 రూపాయల 74 పైసలు ఎటు పోతున్నాయో ముందు అడగాలి. అయితే చిన్న మొత్తం కదా, లెక్క అడగొద్దు అనడమూ న్యాయం కాదు. ప్రజల సొమ్ములో పావలాకైనా లెక్క ఉండాలి.

ఆ లెక్క ఎలా అడగాలో మన పాత మెదక్ జిల్లాలో జరిగిన ఒక ప్రయోగమే నేర్పుతుంది. దానికీ ఇప్పుడు యాభై ఏళ్లు. 1975 ఆగస్టు 1న ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలైంది. దాన్ని 'సైట్' అనేవారు. అప్పటికి మన దేశానికి సొంత ప్రసార ఉపగ్రహం లేదు. అమెరికా వారి నాసా సంస్థ తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక్క ఏడాది వాడుకోనిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలను ఎంపిక చేశారు. మన రాష్ట్రంలో తీసుకున్న జిల్లాల్లో మెదక్ ఒకటి. కోళ్ల దడికి కట్టే జాలీతో చేసిన పది అడుగుల గొడుగు లాంటి యాంటెన్నా, దాని కింద హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైన టీవీ. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. సెలవుల్లో వేలమంది ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ కూడా ఇచ్చారు.

ఆ ప్రయోగంలో ఖర్చు ఉపగ్రహం దగ్గరే ఆగలేదు. టీవీ చెడిపోతే బాగుచేసే మనుషులను పెట్టారు. పల్లెవాళ్ల భాషలో కార్యక్రమాలు తీశారు. చూసినవాళ్లకు ఏం అర్థమైందో తెలుసుకోవడానికి పరిశోధకులను ఊళ్లకు పంపారు. ఆకాశం నుంచి అరుగు దాకా ప్రతి మెట్టూ ఎవరో ఒకరి బాధ్యతగా ఉంది.

1976 జూలై 31న గడువు తీరింది. నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి మళ్లించుకుంది, ఆ ప్రసారం ఆగిపోయింది. అరువు సొత్తు కదా! మన ఇన్‌శాట్-1బి 1983లో పైకి వెళ్లింది. సొంతది ఎందుకుండాలో ఆ మధ్యకాలమే చెబుతుంది.

సొంత ఉపగ్రహం ఏం చేస్తుందో కోస్తావాళ్లకు బాగా తెలుసు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది చనిపోయారు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వంద లోపే. ఇదంతా ఉపగ్రహం ఘనతే అనను. రాడార్లు, ఫోన్లు, తుఫాను షెల్టర్లు, రాత్రంతా ఊళ్లు ఖాళీ చేయించిన ఉద్యోగులు అందరూ కలిస్తేనే ఆ ప్రాణాలు దక్కాయి. తుఫాను వస్తోందని రోజుల ముందే తెలిసింది కాబట్టే వాళ్లకు ఆ పని చేసే సమయం చిక్కింది.

ఇప్పుడు బాధ కలిగించే సంగతి. 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి ఇన్‌శాట్-3డీఎస్ అనే వాతావరణ ఉపగ్రహం వెళ్లింది. మనమంతా చప్పట్లు కొట్టాం. అదే ఏడాది దేశంలో 199 జిల్లా వ్యవసాయ వాతావరణ కేంద్రాలను మూసేశారు. ఎప్పుడు విత్తాలి, ఎప్పుడు మందు కొట్టాలి అని రైతుకు అతని భాషలో చెప్పే కేంద్రాలవి. పైన కొత్త కన్ను తెరుచుకుంది, కింద నోరు మూతపడింది. ఉపగ్రహం చూసింది రైతు చెవిన పడకపోతే ఆ ఖర్చు సగమే ఫలించినట్టు.

కాబట్టి నా జవాబు: ఖర్చు పెంచాలి. కానీ ప్రతి ఉపగ్రహం అంచనాలోనే నేల మీది ఆఖరి మెట్టు ఖర్చు కూడా చేరాలి. వాన, నీరు, పంట, తుఫాను చూసే ఉపగ్రహాలకు మొదటి వాటా దక్కాలి. మరి చంద్రయానం, గగన్‌యాన్ మానేయాలా? అక్కర్లేదు. సుమారు 615 కోట్లతో చంద్రయాన్-3 వెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్టే విదేశీ కంపెనీ ఉపగ్రహాలను డబ్బు తీసుకుని మోసుకెళ్లింది. కష్టమైన పని ఇవాళ నేర్చుకోకపోతే రేపు మళ్లీ అరువుకే పోవాలి. అయితే గగన్‌యాన్ కార్యక్రమానికి మంజూరైన మొత్తం 2024లో 20,193 కోట్లకు పెరిగింది. అంత పెద్ద పద్దు మీద పార్లమెంటులో తీరికగా చర్చ జరగాలని కోరడం దేశభక్తికి విరుద్ధం కాదు.

చివరగా మన చేతిలో ఉన్న పని. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి 'భువన్' వెబ్‌సైట్‌లో ఉపగ్రహ చిత్రాలు ఎవరైనా చూడవచ్చు. మన సంఘం బడికి ఒక కంప్యూటరు, నెట్ సౌకర్యం సమకూర్చాలని నా మనవి. ఉపాధ్యాయులు పిల్లలచేత తమ ఊరి చెరువును అందులో వెతికించాలి, తర్వాత గట్టు మీదికి తీసుకెళ్లి పోల్చి చూపించాలి. ఎక్కడ పూడింది, ఎక్కడ ఆక్రమించారు అని ఆ పిల్లలు గ్రామసభలో అడిగిన రోజున అంతరిక్షంలో పెట్టిన మన రూపాయి ఖేడ్‌కు చేరినట్టు లెక్క.