కొల్లేటికి మందు, ఎవరికి పథ్యము?

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పెద్ద పళ్లెము వంటి పల్లము కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో మురుగు కాలువలు తెచ్చిన నీటిని అది తనలో నిలుపుకొని, ఉప్పుటేటి గుండా మెల్లగా సముద్రమునకు విడిచిపెట్టును. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరు కూడ కడకు చేరవలసిన చోటు ఇదే. ఈ సరస్సు చిక్కిపోయినదని అందరును ఒప్పుకొందురు. మందు ఏదన్నప్పుడే వాదము.

1970 దశకములో ఇచట చేపల చెరువులను ప్రోత్సహించినది ప్రభుత్వమే. జాలరుల సహకార సంఘముల పేర మొదలైన చెరువులు క్రమముగా కౌలు మార్గమున పెట్టుబడిదారుల చేతికి పోయినవి. 1999లో ఐదవ కాంటూరు వరకు, అనగా సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరినది. 2006లో న్యాయస్థానపు ఆజ్ఞపై చెరువుల గట్లు కొట్టివేసిరి. కాని కొంతకాలమునకే చాలచోట్ల గట్లు మరల లేచినవి.

ఎందువలన? ఒకరు గట్లన్నియు తీసివేయవలెనందురు. లోపల జిరాయితీ భూమి గలవాడు, నా పరిహారమేదని అడుగును. వేరొకరు హద్దును మూడవ కాంటూరునకు తగ్గింపుమందురు. 2008లో శాసనసభయే ఆ కోరికను తీర్మానించినది. కేంద్రము నియమించిన నిపుణుల సంఘము అందుకు సమ్మతింపలేదు. మరియొకరు ఉప్పుటేటిపై రెగ్యులేటరు కట్టి, వేసవిలో నీరు నిలిపి, ఉప్పునీటిని ఆపవలెనందురు. వల వేయువానికది ప్రాణము. వానలలో తలుపులు సకాలమున ఎత్తకున్న ఎగువ రైతునకు వరిచేను మునక.

గమనింపుడు: ప్రతివాడును మెచ్చుకొను మందు, పథ్యము ఎదుటివాడు చేయవలసిన మందే. దీనిని స్వార్థమని తీసివేయుట సులభము. కాని కూలికి చెరువు గట్టుపై కావలియుండు మనిషిని, వందల ఎకరముల కౌలుదారును ఒకే తక్కెడలో తూచిన న్యాయమును ఆ ఊరు ఎట్లు నమ్మును?

ఇంజనీరు నీటిమట్టమును లెక్కగట్టగలడు, నమ్మకమును లెక్కగట్టజాలడు. పరిహారము గట్టు తెగుటకు ముందే ఇంటికి చేరవలెను. రెగ్యులేటరు తలుపులు ఎప్పుడెత్తవలెనో ఎగువవారు, దిగువవారు, జాలరులు కలిసి ముందే వ్రాసికొనవలెను. పోగొట్టుకొను కూలికి వేరొక పని చూపవలెను. ఇవి మందులో చేరిన దినుసులే గాని, పైన చల్లు చక్కెర కావు.

ఊరు ఒప్పని మందు ఎంత మంచిదైనను మింగుడుపడదు. 2006లో తెగిన గట్లు, మరల లేచిన గట్లు చెప్పునది అదియే. మరల వరద వచ్చునప్పుడు మాత్రము నీరు ఎవరి వాదమును వినదు, పల్లమును వెదకుకొనును.