గుడి పక్క ఇల్లు కొనేముందు 1/70 చదవాలె

(ఏజెన్సీ భూములపై భద్రాచలంలో జరిగిన సదస్సులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



ఏజెన్సీ భూమి అనంగనే మనకు అడవి, పోడు, పట్టా యాదికొస్తయి. నేను ఇయ్యాల భద్రాచలం టౌనులో పాత ఇంటి గురించి మాట్లాడుత. ఆదివాసీ జాగ అడవిలనే కాదు, గుడి పక్క గల్లీలో కూడ పోతున్నది. ఆ గల్లీలనే ఏండ్ల తరబడి జీతం కూడబెట్టి ఇల్లు కొన్న చిన్న ఉద్యోగి కూడ మునుగుతున్నడు. ఇద్దరినీ ముంచేది ఒకటే కాగితం. దాని పేరు నోటరీ అగ్రిమెంటు.

ముందు ఈ ధరలు ఎందుకు పెరిగినయో చూద్దాం. శ్రీరామనవమికి, ముక్కోటికి జనం గోదారి లెక్క వస్తరు. పాత పెంకుటిల్లు కూలగొట్టి మూడంతస్తులు లేపితే గదికింత అని కిరాయి వస్తది. దానికి తోడు 2014లో పోలవరం పేరు మీద ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన్రు. భద్రాచలం రెవెన్యూ గ్రామం మాత్రం మనకు మిగిలింది. పక్కనున్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు అటు పోయినయి. ఒకదిక్కు గోదారి, ఇంకోదిక్కు రాష్ట్ర సరిహద్దు. ఊరు పెరగనీకి జాగ లేదు. అందుకే అరుగులు, పెరడు ఉన్న పాత ఇండ్ల మీద అందరి కన్ను పడ్డది.

ఖమ్మం నుంచో, ఇంకా దూరం నుంచో కొననీకి వచ్చినోళ్లు గోదారి ఎందాక వచ్చిందని అడుగుతరు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిందని మనం చెప్తం. చట్టం ఎందాక వచ్చిందని మాత్రం ఎవ్వరూ అడగరు. అది నేను చెప్త.

భద్రాచలం 1860 దాక నిజాం కింద ఉన్నది. ఆ తర్వాత ఇంగ్లీషోళ్ల చేతికి పోయింది. 1874లో గోదావరి జిల్లాల కలిసింది. ఆదివాసీ భూమి అన్యులకు పోకుండ మద్రాసు సర్కారు 1917లోనే ఏజెన్సీకి ఒక చట్టం చేసింది. దాని జాగల 1959లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది. ఆ ఏడాదే భద్రాచలం ఖమ్మం జిల్లాకు వచ్చింది. గోదారికి అవతల, పాల్వంచ, బూర్గంపాడు దిక్కు ఆ రెగ్యులేషన్ 1963 డిసెంబర్ 1 నుంచి అమలైంది. అసలు గట్టి తాళం 1970 ఫిబ్రవరి 3న పడ్డది. దాన్నే మనం 1/70 అంటం.

అది ఏం చెప్తది? షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తిని ఎవరు అమ్మినా ఆదివాసీకి గానీ, ఆదివాసీలే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ అమ్మాలె. లేకుంటే ఆ అమ్మకం చెల్లదు. అమ్మేటాయన గిరిజనేతరుడైనా అంతే. ఇల్లు కూడ స్థిరాస్తే. అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తాకట్టు, దానం, అగ్రిమెంటు అన్నీ దాని కిందికే వస్తయి. ఆదివాసీ పేరు మీద బినామీగా కొన్నా చెల్లదు. 1978 సవరణతో ఇట్లాంటి దస్తావేజుల రిజిస్ట్రేషన్ కూడ ఆపిన్రు. తప్పు చేస్తే పోలీసులు కేసు పెట్టొచ్చు.

మరి నోటరీ కాగితం ఏంది? రిజిస్ట్రేషన్ కాదు గనుక స్టాంపు కాగితం మీద రాసుకుంటరు. మధ్యవర్తి కమీషన్ తీసుకొని పోతడు. ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు మన పేరు మీదికి మారినా అవి ఆ ఇంట్ల ఎవరుంటున్నరో చెప్తయి తప్ప ఇల్లు ఎవరిదో చెప్పయి. ఆ కాగితం చూసి బ్యాంకు అప్పియ్యదు. రేపు ఎవరన్న ఫిర్యాదు చేస్తే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో ఎల్టీఆర్ కేసు నడుస్తది. అప్పుడు రుజువు చేసుకునే భారం మన మీదనే. గిరిజనేతరుని చేతిలో ఉన్న ఆస్తి ఆదివాసీ నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటది. తక్కువకు వస్తున్నదని సంబరపడేటోళ్లు ఒకటి తెలుసుకోవాలె. ఆ తగ్గిన ధర ఈ కేసు ధరే.

కొందరు మిత్రులు అంటరు, మూడు తరాల నుంచి ఇక్కడనే ఉన్నం, మా ఇల్లు మేం అమ్ముకోవద్దా అని. న్యాయమైన ప్రశ్నే. తాతల ఇల్లు వారసులకు రావచ్చు, అన్నదమ్ములు పంచుకోవచ్చు. చట్టం దాన్ని అడ్డుకోదు. అమ్మదలిస్తే, కొనే ఆదివాసీ దొరకకపోతే, సర్కారుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్కారు నష్టపరిహారం ఇచ్చి తీసుకోవచ్చు. ఈ దారి చట్టంలనే ఉన్నది. మనం గట్టిగ అడగాల్సింది దీన్ని.

ఇంకొందరు 1/70ని ఎత్తేయాలంటరు. ఎత్తేస్తే ఏమైతదో వేరే దేశం చూపెట్టింది. అమెరికాలో 1887లో డావ్స్ చట్టం తెచ్చి అక్కడి ఆదివాసీల ఉమ్మడి భూమిని ముక్కలు చేసిన్రు, అమ్మకానికి తలుపు తెరిచిన్రు. 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకు వచ్చినయి. మన దగ్గర 1988లో పి. రామిరెడ్డి కేసులో 1970 సవరణ చెల్లుతదని సుప్రీంకోర్టు తేల్చింది. 1997లో సమతా తీర్పు ఇంకో మాట చెప్పింది. ఆదివాసీ ప్రాంతంలో భూమిని ఆదివాసీ కానోళ్లకు లీజుకియ్యనీకి సర్కారుకు కూడ హక్కు లేదన్నది.

ఈ గుడి స్థలపురాణంల మొదటి పేరు పోకల దమ్మక్కది. రాముని విగ్రహాలు ఆ ఆదివాసీ ఆడబిడ్డకే దొరికినయని, తర్వాతనే కంచర్ల గోపన్న గుడి కట్టించిండని అందరం చెప్పుకుంటం. దమ్మక్క బిడ్డలకు ఆ గుడి చుట్టూ ఒక ఇల్లన్న ఉండాలె కదా.

అందుకని నేను చెప్పేది ఇది. కొనేటోళ్లు పైస ఇయ్యకముందే 1970 ఫిబ్రవరి 3కు ముందటి దస్తావేజు అడగండి. అది దొరికినా పాత ఓనరు హక్కు తేలుతది గానీ, మీరు గిరిజనేతరులైతే ఇప్పుడు కొననీకి దారి దొరకదు. ఆ ఇంటి మీద ఎల్టీఆర్ కేసు ఉన్నదా అని స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ఆఫీసుల అడగండి. అమ్మేటోళ్లు నోటరీ దగ్గరికి పోకుండ సర్కారుకు దరఖాస్తు పెట్టండి. సర్కారు ఆ ఇండ్లను తీసుకొని ఆదివాసీ కుటుంబాలకు, సదువుకునే పిల్లల హాస్టళ్లకు, అడవి సరుకు అమ్ముకునే సంఘాలకు ఇయ్యాలె.

అట్లయితే అమ్మినాయనకు డబ్బు వస్తది, ఆదివాసీకి జాగ మిగులుతది, చిన్న ఉద్యోగి మోసపోడు. నష్టపోయేది మధ్యవర్తి ఒక్కడే. ఆయన కోసం చట్టం మార్చాల్సిన పని లేదు. ఉన్న చట్టాన్ని నడిపిస్తే చాలు.