ఇరవై ఎకరాల వాన, ఒక ఎకరం వరి

ఈ స్నాతకోత్సవంలో వ్యవసాయ పట్టాలు అందుకుంటున్న యువతీ యువకుల్లో చాలామంది రేపు రాయలసీమ పల్లెల్లో పనికి దిగుతారు. అక్కడి రైతు విత్తనం గురించి, ఎరువు గురించి తర్వాత అడుగుతాడు. “ఎన్ని అడుగుల్లో నీళ్లు పడతాయి?” అన్నదే అతని మొదటి ప్రశ్న.

అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఆ కొద్ది వానే ఎకరం మీద 22 లక్షల లీటర్లవుతుంది. వినడానికి చాలానే ఉంది. కానీ అడుగున ఉన్నది గట్టి రాయి. పడిన వానలో పదో వంతుకు అటూ ఇటూగా మాత్రమే లోపలికి దిగి బోర్లకు అందుతుంది. అంటే ఎకరానికి దాదాపు రెండు లక్షల లీటర్లు. ఎకరం వరికో, 1,200 మిల్లీమీటర్ల చొప్పున 48 లక్షల లీటర్లు కావాలి. ఇరవైకి పైగా ఎకరాల్లో ఏడాదంతా ఇంకిన నీటిని బోరు కింది ఒక్క ఎకరం మడి తాగేస్తుంది. మడిలోంచి కొంత మళ్లీ ఇంకుతుందని తగ్గించి చూసినా, అందులో ఇరుగుపొరుగు రైతుల వాటా ఉందన్నది వాస్తవం.

చెరువు నీరు ఊరందరి కళ్లకూ కనిపిస్తుంది. అందుకే పూర్వులు దాన్ని శ్రద్ధగా లెక్కపెట్టారు. కడప జిల్లా పోరుమామిళ్లలోని 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను చెబుతుంది. అక్కడి చెరువు కోసం వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు రెండేళ్లు పనిచేసిన సంగతినీ నమోదు చేసింది. బోరు నీరు అలా కనిపించదు. ఎవరికి వారు ఇంకా లోతుకు తవ్వుతారు, పక్క బోరు ఎండుతుంది, అప్పు మిగులుతుంది.

ఆ కనిపించని నీటిని రైతులే కొలిచిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2003 తర్వాత కొన్నేళ్లపాటు, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఊళ్లలో ఆ పని సాగింది. రైతులు, వారిలో ఎందరో మహిళలు, రోజూ వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం చూశారు. డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో చూసి బోరు ఎన్ని నీళ్లు పోస్తుందో లెక్కకట్టారు. రబీ మొదట్లో అందరూ కూర్చుని, భూమిలో ఉన్నదెంత, అనుకున్న పంటలకు కావలసిందెంత అని పక్కపక్కనే రాసుకున్నారు. నిషేధాలు లేవు, జరిమానాలు లేవు. లోటు కనబడ్డాక చాలామంది వరి తగ్గించి, తక్కువ నీటితో పండేవి వేశారు. రైతులు తమంతట తామే వాడకం తగ్గించుకున్నారని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక గుర్తించింది. ఇది చిన్న విజయం కాదు. అయితే పథకం ముగిశాక అన్ని ఊళ్లలోనూ ఆ కొలత కొనసాగలేదు.

డ్రిప్ వచ్చింది కదా అనేవాళ్లున్నారు. డ్రిప్ మంచిదే, రాయితీ కూడా న్యాయమే. కానీ మిగిలిన నీటితో మరో ఎకరం తడిపితే భూమిలో మిగిలేదేమీ ఉండదు. పైగా ఉచిత కరెంటు ఉన్నచోట తోడిన నీటికి బిల్లు రాదు. ఎంత తోడామో తెలియడానికి కొలత తప్ప దారి లేదు.

ఈ పట్టభద్రులు ఎక్కడ పనిచేసినా, అక్టోబరులో రబీ విత్తనం పడకముందే ఒక్క ఊరిలోనైనా రైతులు కూర్చుని నీళ్ల లెక్క రాసుకునే అలాంటి సమావేశం జరిపించాలి. పెద్ద ఖర్చేమీ లేదు. ఒక వర్షమాపకం, బోరులోకి దించే టేపు, ఒక డ్రమ్ము, గడియారం, అంకెలు రాయడానికి పంచాయతీ గోడ చాలు. ఆ అంకెలను రైతులే కొలవాలి, రైతులే రాయాలి.