మీ జకాత్, మా అమానత్

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 వైద్య సహాయం కోసం వచ్చే అర్జీలు చూసే పని సంస్థ మాకు అప్పగించింది. మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. తెలియనిది పదిమందినీ అడిగి, చదివి తెలుసుకుంటాం. ఈ ఏడాది మమ్మల్ని నిద్రపోనివ్వని ఒక అర్జీ సంగతి మీ ముందు పెడుతున్నాం.

మన నక్కపల్లి పిల్లవాడే. ఏడాదిగా నెత్తురు విరేచనాలు. మొలలనుకుని నాటుమందు వాడారు. పిల్లవాడు చిక్కి సగమయ్యాడు. చివరికి విశాఖపట్నంలో కొలనోస్కోపీ చేసి క్రోన్స్ వ్యాధి అన్నారు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే పేగుల మీద తిరగబడి వాపు, పుండ్లు తెస్తుంది. కొందరికి మలద్వారం పక్కన చీము కారే ఫిస్టులా వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. పేగుల క్షయ కూడా అచ్చం ఇలాగే కనబడుతుంది గనుక సరైన పరీక్షలు తప్పనిసరి.

తండ్రి వచ్చి, "మాస్టారూ, ఒకచోట మూలకణాలు ఎక్కిస్తే జబ్బు పూర్తిగా పోతుందట. 4 లక్షలు అడుగుతున్నారు. సగం మీరిస్తే, మిగతాదానికి ఇల్లు తాకట్టు పెడతాను" అన్నారు. కాదనడానికి మాకు నోరు రాలేదు. కానీ ఆ సొమ్ము మాది కాదు. మీరిచ్చిన జకాత్, మా దగ్గరున్న అమానత్.

విచారించాం. మూలకణాల మాట ఉత్త బూటకం కాదు. క్రోన్స్ ఫిస్టులాలకు దాతల కొవ్వు నుంచి తీసిన మూలకణాల మందును ఐరోపా 2018లో ఆమోదించింది. తరువాతి పెద్ద పరీక్షలో అది ఫలితం చూపలేదు. 2024లో అక్కడి మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. రోగి సొంత మూలకణాలతోనే చేసిన మార్పిడిపై 45 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. అనుకున్న ఫలితం రాలేదు, ఒక రోగి చనిపోయారు.

మన ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలూ స్పష్టంగా ఉన్నాయి. రక్తవ్యాధులకు చేసే మార్పిడి వంటి ఆమోదం పొందినవి తప్ప, మూలకణాల వాడకం అనుమతి పొందిన పరిశోధనగానే జరగాలి. అందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటేనే అనుమానించాలి.

ఆ 4 లక్షలకు సాయం చేయలేమన్నాం. తండ్రి కోపంగా వెళ్లిపోయారు. మేమే వాళ్లింటికి వెళ్లాం. పెద్దాసుపత్రి గ్యాస్ట్రో డాక్టరు రాసిన మందులకు, పరీక్షలకు, రానుపోను చార్జీలకు సంస్థ పూచీ పడింది. రంజాన్‌లో ఉపవాసం ఉంటానని పిల్లవాడు పట్టుబడితే, రోగికి ధర్మమే వెసులుబాటు ఇచ్చిందని ఇమాం సాహెబ్ నచ్చజెప్పారు. జబ్బు పోలేదు, అదుపులో ఉంది. ఇప్పుడు బడికి వస్తున్నాడు. ఇల్లు తాకట్టు పడలేదు.

మందుల ఫ్యాక్టరీలున్న ఊరు మనది. 2025 జనవరి 8న ఇక్కడి బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన కూడా జరిగింది. అలాంటి ఊళ్లో డబ్బు లేక ఒక పిల్లవాడి మందు ఆగిపోకూడదు. ఈ జబ్బుకు ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా నెలనెలా తప్పకుండా అందే చిన్న సాయం ముఖ్యం. దాతలు ఒక్కొక్కరు ఒక్కో నెల మందుల ఖర్చు తీసుకోవాలని కోరుతున్నాం.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక, రోగులకు స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.