టోనీ గ్రెగరీ కాయితం మీద రాయించుకున్న మాట

(డబ్లిన్‌లో మన మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మనం ఉంటున్న దేశపు రాజకీయాల గురించి కూడా ఎవరన్నా మాట్లాడాలని పోయినసారి అనుకున్నాం. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, చరిత్ర నా సబ్జెక్టు కాదు. అయినా ఈ పేరు నేనే ఎంచుకున్నాను. కారణం మా ఆఫీసు.

నా క్లయింట్ ఆఫీసు లిఫీ నది ఒడ్డున ఐఎఫ్‌ఎస్‌సీలో ఉంది. బ్యాంకులు, అద్దాల బిల్డింగులు, మీలో సగం మందికి తెలిసిన చోటే. అక్కడ రాత్రి డ్యూటీ చేసే పెద్దాయన ఒకాయన వెనకాల షెరిఫ్ స్ట్రీట్‌లోనే పుట్టి పెరిగాడు. ఒకరోజు రిలీజ్ లేటయి బయటికొస్తుంటే మాటల్లో అన్నాడు: "నువ్వు కూర్చునే జాగాలో మా అమ్మకు ఇల్లు రావాల్సింది. టోనీ రాయించాడు కూడా." ఆ టోనీ ఎవరా అని ఇంటికెళ్లి వెతకడం మొదలుపెట్టాను.

టోనీ గ్రెగరీ 1947లో డబ్లిన్ నడిబొడ్డున బాలీబాక్‌లో పుట్టాడు. తండ్రి రేవులో గిడ్డంగి కార్మికుడు. ఇద్దరు కొడుకులతో కుటుంబమంతా ఒక్క గదిలో ఉండేవాళ్లు. కార్పొరేషన్ ఇల్లు ఇమ్మని తల్లి అడగడానికి పోతే, ఆరుగురు పిల్లలయ్యాక రమ్మన్నారట. గ్రెగరీ చివరిదాకా ఇళ్ల గురించే ఎందుకు కొట్లాడాడో ఈ ఒక్క ముక్కతో నాకు అర్థమైంది. చదువుకున్నాడు, టీచరయ్యాడు, చరిత్ర చెప్పాడు. కొన్నాళ్లు రిపబ్లికన్ పార్టీల్లో తిరిగి, బయటికొచ్చి, ఏ పార్టీ లేకుండా 1979లో కార్పొరేషన్ కౌన్సిలర్‌గా గెలిచాడు.

అసలు కథ 1982 ఫిబ్రవరి ఎన్నికలది. డాయిల్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటు దిగువసభలో, అప్పుడు 166 సీట్లు. చార్లెస్ హాహీ పార్టీ ఫియానా ఫాల్‌కు 81 వచ్చాయి. గారెట్ ఫిట్జ్‌గెరాల్డ్ పార్టీ ఫైన్ గేల్‌కు 63. మొదటిసారి గెలిచిన గ్రెగరీ ఓటు ఒక్కసారిగా బంగారమైపోయింది. ఇద్దరు నాయకులూ ఆయన దగ్గరికే వచ్చారు. ఆయన మంత్రి పదవి అడగలేదు. బస్తీల్లో తనతో పనిచేసే కార్యకర్తలను పక్కన కూర్చోబెట్టుకుని, మా ప్రాంతానికి ఏమిస్తారో చెప్పమన్నాడు. ఫిట్జ్‌గెరాల్డ్ ఇస్తానన్నది తక్కువ. హాహీ ఎక్కువకు ఒప్పుకున్నాడు.

నోటి మాట మీద ఆయన ఊరుకోలేదు. అంతా కాయితం మీద పెట్టించాడు, హాహీతో సంతకం చేయించాడు, కార్మిక సంఘం నాయకుడు మిక్ ముల్లెన్‌ను సాక్షిగా పెట్టాడు. దాన్ని తీసుకుపోయి డాయిల్ రికార్డులోకి ఎక్కేలా సభలో చదివాడు. ఒప్పందాల సంగతి ఈ గదిలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి ఆ జాగ్రత్త ఎందుకో నేను వివరించను.

అందులో ఏముంది? ఆయన నియోజకవర్గంలో 440 కొత్త ఇళ్లు, మిగతా డబ్లిన్‌లో ఇంకో 1,600. నగరం నడిబొడ్డున అదనంగా 500 మందికి పని ఇవ్వడానికి 40 లక్షల పౌండ్లు. మూడేళ్లలో 3,746 ఉద్యోగాలు. రేవు బోర్డు చేతిలో ఉన్న 27 ఎకరాలు ప్రభుత్వం తీసుకోవాలి. మార్చి 9న 86-79 ఓట్లతో హాహీ ప్రధాని అయ్యాడు.

ఒక్క మనిషి ప్రభుత్వాన్ని బెదిరించి నిధులు లాక్కున్నాడని పత్రికలు తిట్టాయి. ఆ తిట్టులో కొంత న్యాయం ఉందనే నాకూ అనిపిస్తుంది. గ్రెగరీ లాంటి మనిషి లేని పేద బస్తీల గతేమిటి? లెక్క ఒక్క సీటు అటూ ఇటూ అయితే బాలీబాక్‌ను అడిగేవాడెవడు? కానీ ఆ తిట్టినవాళ్లు, అంతకుముందు అరవై ఏళ్లు పెద్ద పార్టీల చేతిలో ఉన్నప్పుడు ఆ గల్లీలు ఎట్లా ఉన్నాయో ఎందుకు రాయలేదో కూడా అడగాలి.

నవంబర్ 4న విశ్వాస తీర్మానంలో ఓడి హాహీ ప్రభుత్వం పడిపోయింది. గ్రెగరీ ఆ రోజు ఓటు వేయలేదు. ఒప్పందానికి ఎనిమిది నెలల ఆయుష్షు. కొన్ని పనులు మొదలయ్యాయి, చాలావరకు కాయితం మీదే ఉండిపోయాయి. సంతకం ఉంది, సాక్షి ఉన్నాడు, సభ రికార్డు ఉంది. లేనిది ప్రభుత్వం. ఆ 27 ఎకరాలంటారా, 1987లో మళ్లీ ప్రధాని అయిన హాహీయే అక్కడ ఐఎఫ్‌ఎస్‌సీ పెట్టించాడు. పెద్దాయన నాతో అన్న జాగా అదే. అది వచ్చినందుకే నాకు ఇక్కడ ఉద్యోగముంది, దాన్ని దాచుకుని మాట్లాడితే బాగుండదు.

బేరం చెడిన తర్వాత జనం ఆయన్ను వదిలేస్తారని చాలామంది అనుకుని ఉంటారు. అట్లా జరగలేదు. చనిపోయేదాకా వచ్చిన ప్రతి ఎన్నికలోనూ గెలిచాడు. ఎట్లా గెలిచాడంటే, టై కట్టకుండా డాయిల్‌కు పోయే ఆ మనిషి గల్లీ పని ఆపలేదు. రెండు పదవులు ఒకరికి వద్దని చట్టం వచ్చేదాకా కౌన్సిలర్‌గా కూడా ఉన్నాడు. బండ్ల మీద అమ్ముకునే ఆడవాళ్లను పోలీసులు తరిమితే వాళ్లతో రోడ్డు మీద కూర్చున్నాడు. బుద్ధిగా ఉంటానని బాండు రాసిస్తే వదిలేస్తామన్నారు. రాయనన్నాడు. 1986లో రెండు వారాలు మౌంట్‌జాయ్ జైల్లో ఉన్నాడు. హెరాయిన్ తన బస్తీల పిల్లలను మింగుతున్నప్పుడు, అమ్మేవాళ్ల ఆస్తులు జప్తు చేయండని ఏళ్ల తరబడి అడిగాడు. 1996లో వెరోనికా గెరిన్ అనే జర్నలిస్టును కాల్చి చంపాక గానీ ప్రభుత్వం కదలలేదు. ఆ ఏడాదే అందుకోసం ప్రత్యేక సంస్థ పెట్టారు.

2009 జనవరి 2న క్యాన్సర్‌తో పోయాడు. వయసు 61. ఆ జూన్‌లో ఉప ఎన్నిక వస్తే, ఆయనతో పనిచేసిన మొరీన్ ఓసల్లివన్ ఏ పార్టీ లేకుండానే ఆ సీటు గెలిచింది.

కస్టమ్ హౌస్ నుంచి షెరిఫ్ స్ట్రీట్ మీదుగా బాలీబాక్‌కు అరగంట నడక. వచ్చే శనివారం వాన లేకపోతే నేను పోతున్నా, పెద్దాయన కూడా వస్తానన్నాడు. రావాలనుకున్నవాళ్లు పదింటికి కస్టమ్ హౌస్ ముందు ఉండండి.