మోకాలన్నాడు, తుంటి తీయించాను



తుంటి గురించి మాట్లాడతానంటే, జారిపడి విరగ్గొట్టుకోవడం గురించేనని కొందరు నవ్వారు. మన తుంటి సంగతి మనకు తెలిసిందే. నేను చెప్పేది మనుమల తుంటి గురించి. నేను డాక్టరును కాను. ప్రభుత్వ ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో 32 ఏళ్లు ఫిల్ములు తీసినవాణ్ణి.

తుంటికీలు గిన్నెలో బంతి లాంటిది. తొడ ఎముక పైకొస బంతి, కటి ఎముకలోని గుంట గిన్నె. పెద్దవాళ్ల ఫిల్ములో గిన్నె ఒకే ముక్క. పదేళ్ల పిల్లవాడి ఫిల్ములో మూడు ముక్కలు, మధ్యన ఇంగ్లీషు వై అక్షరంలా నల్లని సందు. అది ఖాళీ కాదు, మృదులాస్థి. ఎక్స్‌రేలో కనబడదంతే. బంతికీ దాని కింది మెడకూ మధ్య కూడా అలాంటి నల్లగీతే ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. గిన్నెలోని సందు ఆడపిల్లలకు సుమారు 12-14 ఏళ్లకు, మగపిల్లలకు 14-16 ఏళ్లకు పూడుతుంది. బంతి కింది గీత పూడడానికి ఇంకా ఒకటి రెండేళ్లు పడుతుంది.

ఈలోగా ఆకారం మారుతూనే ఉంటుంది. మెడకూ తొడ ఎముకకూ మధ్య కోణం పుట్టినప్పుడు 140 డిగ్రీల పైమాటే, పెద్దయ్యేసరికి 125 దగ్గరికి వస్తుంది. నడక, పరుగు, మోసే బరువు దాన్ని మలుస్తాయి. ఎదిగే వయసులో ఫుట్‌బాల్ వంటివి తీవ్రంగా ఆడే మగపిల్లల్లో బంతి అంచున ఎముక ఉబ్బెత్తుగా పెరగడం విదేశాల్లో గమనించారు. ఆవంలో పెట్టని పచ్చికుండ అన్నమాట.

పిల్లలు ఒక్కసారిగా పొడుగు సాగే రోజుల్లో ఆ నల్లగీత బలహీనంగా ఉంటుంది. ఒళ్లు బరువైన పిల్లల్లో అక్కడ ఎముక జారే ప్రమాదం ఎక్కువ. బంతి గిన్నెలోనే ఉంటుంది, మెడ ముందుకూ పైకీ జారుతుంది.

2022లో మా పెద్ద మనుమడికి 13 ఏళ్లు. కాస్త బొద్దు. "తాతయ్యా, మోకాలు లాగుతోంది" అనేవాడు. "ఎదిగే నొప్పులురా" అని రెండు నెలలు బామ్ రాశాను. వీధి చివరి క్లినిక్కులో మోకాలి ఫిల్ము తీసి బాగానే ఉందన్నారు. కిటికీ వెలుగులో నేనూ చూసి సంతోషించాను. "వాడి పాదం బయటికి తిరిగిపోతోందండీ" అని మా ఆవిడ రెండుసార్లు అంది. వినిపించుకోలేదు.

ఒకరోజు వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి కాలు పొట్టకేసి మడిచాను. తొడ దానంతటదే పక్కకు తిరిగిపోయింది. నాకు ముచ్చెమటలు పట్టాయి. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాల్లో ఒకే నరం కొమ్మలున్నాయి. అందుకే రోగం పైన, నొప్పి కింద. ఇది నాకు తెలియనిది కాదు.

ఎముకల డాక్టరు దగ్గర, రెండు తుంటులూ, కప్పలా కాళ్లు మడిచి పక్కనుంచి కూడా తీయమని అడిగాను. ఎదుటి ఫిల్ము చూపుకు బాగానే ఉంది. మెడ పై అంచు వెంట గీత గీస్తే అది బంతిలో కొంత ముక్కను కోయాలి. ఎడమవైపు బంతిని తాకకుండా పోయింది. పక్క ఫిల్ములో ఇక సందేహమే లేదు. ఆ నిమిషంనుంచి కాలు నేల మోపనివ్వలేదు, చక్రాల కుర్చీ ఎక్కించారు. మర్నాడు ఒక స్క్రూ వేశారు.

స్క్రూ జారినదాన్ని వెనక్కి తేదు, ఇక జారకుండా ఆపుతుంది. నేను బామ్ రాసిన రెండు నెలల్లో ఎంత జారిందో అంతా అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ వాడు గొంతుక్కూర్చుంటే ఎడమ మోకాలు బయటికి పోతుంది. రెండో తుంటి కూడా జారవచ్చని ఎదుగుదల ఆగేదాకా నెలల తరబడి ఫిల్ములు తీయించాం. జారలేదు, గీత పూడింది.

మీ ఇళ్లలో పది నుంచి పదహారేళ్ల పిల్లలెవరైనా మోకాలనో, తొడనో, గజ్జలనో కుంటుతుంటే, మోకాలి ఫిల్ముతో ఊరుకోకుండా తుంటి కూడా తీయమని అడగండి. మా వాడి ఫిల్ములు సంచిలో తెచ్చాను. టీ విరామంలో ఆ కిటికీ దగ్గరికి వస్తే గీత గీసి చూపిస్తాను.