మాట్లాడే హక్కు అందరిదీ అయితేనే మనదీ

(బాటసింగారంలో చేసిన ప్రసంగ పాఠం)

 

భారత రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ప్రతి పౌరునికీ భావ ప్రకటనా స్వేచ్ఛను హామీ ఇచ్చింది. అయినా నేడు మన ఇళ్ళలో పిల్లలకు చెబుతున్న మాట ఏమిటి? "రాజకీయాలు మనకెందుకు, నోరు మెదపకు" అనే కదా! ఆ భయం నిష్కారణమైనది కాదు. ఒక్క పోస్టుకు కేసు నమోదైతే కుటుంబమంతా కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది. అయితే మౌనం మనలను కాపాడుతుందా? కాపాడదనే మేము విన్నవించదలచాము.

ఈ ఊరికి ఆ సంగతి తెలియనిది కాదు. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును ఇక్కడికి తరలించినప్పుడు వ్యాపారులు సదుపాయాలు లేవని గొంతెత్తారు, హైకోర్టును ఆశ్రయించారు. వాక్ స్వాతంత్ర్యం పండితుల చర్చ మాత్రమే కాదు. నీళ్ళు, నీడ, కూలి అడగగలగడం కూడా అదే.

మన హైదరాబాదు చరిత్రలో ఈ హక్కు కోసం ప్రాణమిచ్చిన వాడు షోయబుల్లా ఖాన్. ఆయన 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని, రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలని నిర్భయంగా రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకొని ఇంటికి వెళుతుండగా దుండగులు ఆయనపై దాడి చేసి చంపారు. రాసే చేతిని సైతం నరికారు. నాలుగు వారాలు నిండకముందే, సెప్టెంబరు 17న, ఆయన కోరిన మార్పు వచ్చింది. చూడడానికి ఆయన మిగలలేదు.

ఆ సెప్టెంబరు 17ను నేడు ఒకరు విమోచన దినమంటారు, మరొకరు సమైక్యతా దినమంటారు, ఇంకొకరు ప్రజాపాలన దినోత్సవమంటారు. ఏటా ఆ రోజున ముస్లింలందరినీ రజాకార్ల వారసులుగా చిత్రించే ప్రసంగాలు వినిపిస్తూనే ఉంటాయి. వాటికి కోపంతో జవాబు చెప్పనక్కరలేదు, షోయబుల్లా ఖాన్ పేరు చెబితే చాలు. కానీ ఆ పేరు మన పిల్లలలో ఎందరికి తెలుసు? ఆయన నాటి ప్రభుత్వాన్నే కాదు, తన సముదాయంలోని బలవంతులను కూడా ప్రశ్నించాడు. మన కమిటీల లెక్కలు అడిగిన యువకుణ్ణి, తన హక్కు అడిగిన సోదరిని మనమే కసిరి కూర్చోబెడితే, ప్రభుత్వం ముందు స్వేచ్ఛ గురించి మాట్లాడే నైతిక బలం మనకు ఎక్కడిది?

చట్టం పూర్తిగా మనకు దూరమూ కాలేదు. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. గుజరాత్‌లో ఒక కవితను వీడియోకు జోడించినందుకు పార్లమెంటు సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీపై పెట్టిన కేసును 2025 మార్చి 28న రద్దు చేసింది. ప్రతి మాటలోనూ ప్రమాదాన్ని చూసే బలహీన మనస్కుల కొలతతో మాటను తూచరాదని ఆ తీర్పు సారాంశం. ఈ తీర్పులు మన యువకుల చేతిలో ఉండాలి.

అదే సమయంలో హక్కుకు హద్దు కూడా ఉంది. 19(2) ఆ హద్దులను నిర్దేశిస్తుంది. పాలకుణ్ణి విమర్శించడం వేరు, ఒక సముదాయంపై జనాన్ని ఉసిగొల్పడం వేరు. విద్వేష ప్రసంగాలపై, ఫిర్యాదు రాకపోయినా, వక్త మతం చూడకుండా కేసు నమోదు చేయాలని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ కొలత ఇతరులకు ఎంతో మనకూ అంతే. వార్త అందితే నిర్ధారించుకోమని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో ఆజ్ఞాపించింది. నిజానిజాలు తెలియని వాట్సాప్ సందేశాన్ని పంపే ముందు ఆ ఆజ్ఞను స్మరించుకోవాలి.

ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ళ తరబడి ఫైళ్ళ మధ్య గడిపిన మాకు తెలిసిన సత్యం ఒకటి ఉంది. కాగితం మీదికి రాని మాటకు జవాబు రాదు. కనుక అన్యాయం జరిగితే అర్జీ రాయండి, తేదీ వేయండి, నకలు ఉంచుకోండి, రసీదు తీసుకోండి. సమాచార హక్కు చట్టాన్ని వినియోగించండి. పొరుగున ఉన్న హిందూ సోదరుని మాట అణచివేతకు గురైతే అతని పక్కన నిలబడండి. మనకు నచ్చని మాట అన్నవాడి హక్కును మనం కాపాడిన నాడే, మన హక్కును అడగడానికి మనకు ధైర్యం వస్తుంది.

అల్లాహ్ మనందరికీ సత్యం పలికే ధైర్యాన్ని, సత్యం వినే సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.